బరువు తగ్గించే డాక్టరు తగ్గింపు ధరలో కావలెను

పాలసీ కాగితం బయటికి తీయకండి. ఇది మొదటి సలహా, మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల అడుగున, ఇంటి దస్తావేజుల పక్కన భద్రంగా ఉంది. దాన్ని కదపడం ఎందుకు? పాలసీ అమ్మిన మనిషి ఎలాగూ మీ మేనత్త కొడుకే. ఫోన్ చేసి, "బావా, బరువు తగ్గే ఆపరేషన్ మన ఇన్సూరెన్స్‌లో వస్తుందా?" అని అడగండి. "ఎందుకు రాదు, ఐదు లక్షల పాలసీ తీసుకుంది దేనికి?" అంటాడు. అతను ఇంతవరకూ ఏ ప్రశ్నకీ "రాదు" అని చెప్పిన పాపాన పోలేదు. నిశ్చింతగా ఫోన్ పెట్టేయండి.

కాగితం తీశారంటే మినహాయింపుల జాబితాలో ఆరో నంబరు పేరా కంటపడుతుంది, ఆ పూట అన్నం సయించదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఈ మినహాయింపులకి ఒకే రకం మాటలు, ఒకే రకం కోడ్ నంబర్లు ఖాయం చేసింది. స్థూలకాయానికి దక్కింది 06. దాని సారాంశం ఇదీ: ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవాలి, రోగికి 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క) 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. 35కి చేరినా సరే, కానీ దానికి తోడుగా నాలుగు జబ్బుల్లో ఒకటి ఉండాలి. స్థూలకాయం వల్ల గుండె కండరం దెబ్బతిని ఉండాలి, లేదా గుండె రక్తనాళాల జబ్బు, లేదా తీవ్రమైన స్లీప్ ఆప్నియా, లేదా అదుపులోకి రాని టైప్ 2 షుగరు. అదీ కోత లేని పద్ధతులన్నీ ప్రయత్నించి లాభం లేకపోయాక. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఖర్చు మీదే. అన్నీ కుదిరినా, కొన్ని పాలసీల్లో రెండు మూడేళ్లు ఆగమంటారు, ఇంకొన్నిట్లో ఈ ఆపరేషన్‌కి విడిగా ఒక పరిమితి పెడతారు. ఇవన్నీ ముందే తెలిస్తే మనసు పాడవడం తప్ప ఒరిగేదేముంది? ఆసుపత్రిలో చేరిన రోజు సాయంత్రం, చేతికి సెలైన్ పెట్టాక, బీమా సంగతులు చూసే టీపీఏ డెస్క్ నుంచి తెలిస్తే చాలదూ.

అయిదడుగుల మూడంగుళాల మనిషికి, అంటే 160 సెంటీమీటర్లకి, బీఎంఐ 40 కావాలంటే 102 కిలోల పైచిలుకు తూగాలి. 35కి దాదాపు 90. అసలీ 40, 35 అనే అంకెలు 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన నిపుణుల సమావేశంలో ఖాయమైనవి. ఆ తర్వాత వైద్యులు ముందుకి నడిచారు. 2022లో ఈ రంగపు అమెరికా, అంతర్జాతీయ సంఘాలు కలిసి, జబ్బులున్నా లేకున్నా 35కి చేరితే ఆపరేషన్ సిఫారసు చేయొచ్చన్నాయి. ఆసియా వాళ్లకి 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వాలన్నాయి, ఎందుకంటే మన శరీరాలకి తక్కువ బరువులోనే షుగరు, బీపీ చుట్టుకుంటాయి. 27.5 అంటే అదే మనిషికి 70 కిలోలు. కాబట్టి 80 కిలోల మనిషికి డాక్టరు "మీకు ఆపరేషన్ అవసరం" అనొచ్చు, కంపెనీ "కుదరదు" అనొచ్చు. ఇద్దరూ పుస్తకం ప్రకారమే మాట్లాడుతున్నారు. పుస్తకాలే వేరు.

తూకం రోజు

మీరు 98 కిలోల దగ్గర ఆగిపోయారనుకోండి. బీఎంఐ 38, షుగరు అదుపులోనే ఉంది. నాలుగున్నర కిలోల దూరంలో లక్షలు చేజారిపోతున్నాయి. ఇలాంటప్పుడు బరువు తగ్గాలన్న ఆశయాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, పెరగడం మీద దృష్టి పెట్టండి. ఆదివారం బిర్యానీ, సోమవారం మిగిలిన బిర్యానీ. తూకానికి వెళ్లేటప్పుడు ఏడువారాల నగలు పెట్టుకోండి, మీకు లేకపోతే తోటికోడలివి అడగండి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే ఎత్తు కొలిచేటప్పుడు కాస్త కుంగండి. మూడున్నర సెంటీమీటర్లు తగ్గితే అదే 98 కిలోలకి బీఎంఐ సరిగ్గా 40 అవుతుంది. మోకాళ్లు వంచడం నేర్చుకుంటే కడుపు నింపుకోవక్కర్లేదు. పోయినేడు ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో 160 అని రాసి ఉన్న కాగితం కంపెనీ వాళ్లు అడుగుతారా? అడుగుతారు. అప్పుడు వయసుతోపాటు కుంగిపోయానని చెప్పండి. ముప్పై నాలుగేళ్లకి ఎంత కుంగుతారో వాళ్లే లెక్క వేసుకుంటారు.

షుగరు విషయంలో ఇంకా నేర్పు కావాలి. పాలసీ తీసుకున్నప్పుడు ప్రీమియం పెరుగుతుందని "షుగరు లేదు" అని రాయించారు కదా, మీ బావే టిక్కు పెట్టాడు. ఇప్పుడు బీఎంఐ 38తో క్లెయిము రావాలంటే షుగరు ఉండి తీరాలి, అదీ అదుపు తప్పినది. ఒకే షుగరు, అప్పుడు లేనిది ఇప్పుడు ఉండాలి. కేస్ షీట్ రాసే జూనియర్ డాక్టరు, "ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని తల ఎత్తకుండా అడుగుతాడు. "ఎప్పట్నుంచో ఉంది బాబూ" అనండి. అతను "పదేళ్లు" అని రాసుకుని పక్క మంచానికి వెళ్తాడు. పాలసీకి నాలుగేళ్లు. ఆ ఒక్క మాట పట్టుకుని కంపెనీ క్లెయిము ఆపుతుంది, జబ్బు దాచారని పాలసీ రద్దు చేసినా చేస్తుంది. డిశ్చార్జి లోపు ఆ కేస్ షీట్ ఒకసారి చూపించమని అడిగే చాదస్తులు కూడా ఉన్నారు. మీరు వాళ్లలో చేరకండి.

ఇవేవీ కుదరకపోతే, "హెర్నియా అని రాసేద్దాంలెండి, అంతా సెట్ చేసేస్తాం" అనే డాక్టరు కోసం వెతకండి. దొరికితే వదలొద్దు. కంపెనీకి అబద్ధం రాసే మనిషి మీకు మాత్రం నిజమే చెబుతాడన్న నమ్మకంతో ఆపరేషన్ టేబుల్ ఎక్కండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో కడుపునొప్పితో చేరినప్పుడు, అక్కడి సర్జన్ కాగితాల్లో హెర్నియా చూసి, స్కాన్‌లో మూడొంతులు లేని జీర్ణాశయం చూసి ఏమనుకుంటాడో అది అతని సమస్య.

గుండెల మీద చేతులు కట్టుకున్న ఫొటో

సర్జన్‌ని ఎంచుకోవడం తేలిక. హైదరాబాద్‌లో పంజాగుట్ట నుంచి కూకట్‌పల్లి దాకా హోర్డింగులు చూసుకుంటూ వెళ్లండి. తెల్ల కోటు, గుండెల మీద కట్టుకున్న చేతులు, పక్కన ఒక మనిషి పాత ప్యాంటు నడుము దగ్గర పట్టుకుని జానెడు ఖాళీ చూపిస్తూ నవ్వడం, ఈ మూడూ ఉంటే చాలు. పేరు తర్వాత వచ్చే అక్షరాలు చదవడానికి సిగ్నల్ సమయం సరిపోదు, కాబట్టి వదిలేయండి. మామూలుగా దారి ఏమిటంటే ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ, ఆపైన ల్యాపరోస్కోపీలోనో సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలోనో శిక్షణ, ఆ పైన ఈ ఆపరేషన్లే చేసే సీనియర్ల దగ్గర ఫెలోషిప్. డాక్టరు పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఒబేసిటీ అండ్ మెటబాలిక్ సర్జరీ సొసైటీ ఆఫ్ ఇండియా అని ఒక సంఘం ఉంది, అందులో సభ్యులా కాదా అని అడగొచ్చు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన పనితనం వచ్చేస్తుందని కాదు, అడిగినప్పుడు ఆ డాక్టరు ముఖం ఎలా మారుతుందో చూడ్డానికైనా పనికొస్తుంది. కానీ ఇదంతా పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం స్లిప్పు అడిగినంత అమర్యాదగా ఉంటుంది కదా, మానేయండి.

అలాగే స్కిన్ క్లినిక్‌లో కొవ్వు పీల్చేయడానికీ దీనికీ తేడా అడక్కండి. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వు తీస్తుంది, ఆకలి, షుగరు ఎక్కడివక్కడే ఉంటాయి. బీమా లెక్కల్లో అది సౌందర్య చికిత్స, దాని మినహాయింపు నంబరు 08. బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణాశయాన్నే మారుస్తుంది. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్నది ఇదే, ఇద్దరికీ అప్పటికే షుగరు ఉండేది. అందం కోసం నాయకులు ఆపరేషన్ చేయించుకున్నారని ఇప్పటికీ వాదించే బాబాయిలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లని కుటుంబ సలహాదారుగా పెట్టుకోండి.

డాక్టరు గదిలోకి వెళ్లాక ఒక్కటే అడగాలి: "నెలకి ఎన్ని కిలోలు తగ్గుతాను డాక్టర్‌గారూ?" పొరపాటున కూడా అడగకూడనివి కొన్నున్నాయి. ఏడాదికి ఎన్ని చేస్తారు? పోయినేడు కుట్ల దగ్గర లీకయినవి ఎన్ని, వాటిని ఎవరు సరిచేశారు? స్లీవ్ చేయించుకోమంటున్నారా బైపాసా, నాకు ఎప్పుడూ గుండెల్లో మంటే కదా, స్లీవ్‌తో అది పెరగదా? రాత్రి రెండింటికి నాకు ఆయాసం వస్తే వార్డులో ఎవరుంటారు? ఐసీయూ ఈ బిల్డింగులోనే ఉందా? నా బరువుని మీ సీటీ స్కాన్ టేబుల్ మోస్తుందా? అనుభవం ఉన్న సర్జన్ వీటికి తడుముకోకుండా జవాబు చెబుతాడు, లీకుల లెక్కతో సహా. "మా దగ్గర ఇంతవరకూ ఒక్క కాంప్లికేషన్ కూడా లేదండీ" అన్నవాడు చేసినవి రెండో మూడో అయ్యుండాలి.

ఒక్క నిమిషం వెటకారం పక్కన పెడతాను. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల యువకుడు చెన్నైలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ బల్ల మీదే పరిస్థితి విషమించి, మర్నాటికి చనిపోయాడు. మొదట పెద్ద ఆసుపత్రిలో ఎనిమిది లక్షలవుతుందన్నారనీ, తర్వాత వేరేచోట సగానికే చేస్తామన్నారనీ కుటుంబం చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం విచారణ వేసింది. తప్పు ఎవరిదో తేల్చడం విచారణల పని. సగం ధర విన్నప్పుడు మిగతా సగంలో ఏమేం పోయాయని అడగడం మాత్రం మన పని. అది ఎప్పుడూ సర్జన్ ఫీజు ఒక్కటే అయ్యుండదు. మత్తు డాక్టరు, ఐసీయూ, రాత్రి డ్యూటీ, రక్తం నిల్వ, వీటిలోనే కోత పడుతుంది.

ప్యాకేజీ కాగితం

ఇప్పుడు మళ్లీ మన దారిలోకి. కౌన్సెలర్ అమ్మాయి లామినేట్ చేసిన కాగితం మీ వైపు తిప్పి, "మేడమ్, ఈ నెలాఖరు లోపల అడ్వాన్స్ కట్టేస్తే యాభై వేలు తగ్గింపు" అంటుంది. పండగ ఆఫర్ కదా, ఆలోచించకండి. కాగితం మీద సర్జన్ ఫీజు, ఓటీ, మూడు రోజుల గది, డైటీషియన్ సంప్రదింపు ఒకసారి, అన్నీ ఉంటాయి. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, "స్టేప్లర్లు, కార్ట్రిడ్జులు అదనం" అని ఉంటుంది. చదవకుండా వదిలేయాల్సిన లైను అదే. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని పొడుగునా స్టేపుల్ చేస్తూ మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు. దానికి ఐదారు కార్ట్రిడ్జులు పడతాయి, ఒక్కోటీ వేలల్లో ఖరీదు. కొన్నిచోట్ల బిల్లులో దాక్కునేదీ, కొన్నిచోట్ల నాణ్యతలో తగ్గేదీ ఇదే. వాడిన ప్రతి కార్ట్రిడ్జి స్టిక్కరూ ఆపరేషన్ నోట్స్‌కి అంటించి ఇవ్వండని అడిగే హక్కు మీకుంది. అడిగితే కౌన్సెలర్ అమ్మాయి నొచ్చుకుంటుంది, పాపం.

మూడో రోజుతో ప్యాకేజీ అయిపోతుంది, మీ బాధ్యత కూడా అయిపోయిందనుకోండి. లీక్ అనేది తరచు ఇంటికొచ్చాకే బయటపడుతుంది. జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, కూర్చున్నచోటే నాడి 120 దాటడం, ఇవి దాని గుర్తులు. ఇంట్లో అందరూ గ్యాసే అంటారు, వాము నీళ్లు ఇస్తారు. మీరూ అలాగే అనుకోండి. మళ్లీ చేరితే ఆ ఖర్చు ఎవరిదని ముందే రాయించుకోవడం పెద్దమనుషుల లక్షణం కాదు. అసలు ఆపరేషన్‌కే డబ్బివ్వని కంపెనీ, దాని వల్ల వచ్చిన చిక్కులకీ మెలిక పెడుతుందన్న సంగతి అప్పుడు తెలుసుకుందురు.

కంపెనీ ఒప్పుకుందా, అయితే డీలక్స్ గది తీసుకోండి. చూడ్డానికి చుట్టాలొస్తారు, సోఫా కావాలి. ఐదు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం అయితే రోజుకి ఐదు వేలు. మీరు పది వేల గదిలో ఉంటే మిగిలిన ఐదు వేలు కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. అలా కాదు. మందులూ పరికరాలూ వదిలేసి, సర్జన్ ఫీజు, ఓటీ చార్జీలతో సహా చాలా పద్దులు అదే నిష్పత్తిలో, అంటే సగానికి, కోసేస్తారు. మొత్తం ఆసుపత్రిలో అత్యంత ఖరీదైన ఫర్నిచర్ ఆ సోఫానే.

ప్రభుత్వ ఆసుపత్రి మాట ఎత్తకండి. ఉస్మానియాలో ఈ ఆపరేషన్లు జరిగాయని పేపర్లో వచ్చినా సరే. ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడితే ఎవరైనా చూస్తారు. దానికన్నా ఇరవై నాలుగు నెలల ఈఎంఐ గౌరవంగా ఉంటుంది.

ఆ తర్వాత

పెళ్లి కాని అమ్మాయి అయితే ముహూర్తానికి ఆరు నెలల ముందు చేయించండి. ఫొటోలకి సరిగ్గా సన్నబడుతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఊడటం కూడా సరిగ్గా అప్పుడే పడుతుంది కానీ, పూలజడ ఉందిగా. అబ్బాయి వాళ్లకి చెప్పొద్దు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు. పెళ్లయిన నాలుగో నెల నుంచే అత్తగారు "ఏమ్మా, విశేషమా?" అని అడుగుతుంది. ఈ రెండూ ఎలా కలుపుతారో ఆ అమ్మాయే చూసుకుంటుంది. ఐరన్, బీ12, కాల్షియం, డీ విటమిన్ బతికినన్నాళ్లూ వేసుకోవాలి, అత్తారింట్లో ఏ డబ్బాలో దాచి వేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకోమనండి. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ తినమంటాడు డైటీషియన్. గుప్పెడు కడుపులో పప్పూ గుడ్డూ ముందు పట్టాలి, అన్నానికి చోటు మిగిలితే మిగిలినట్టు. అమ్మమ్మ మాత్రం ఆవకాయన్నం కలిపి, "ఒక్క ముద్దే కదే, నా చేత్తో" అంటుంది. ఆ ముద్ద గొంతు దిగి ఆగిపోతుంది, వాంతి అయ్యేదాకా ఎవరికీ కాలు నిలవదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి వేరే సలహా. అక్కడ 65 దాటిన వాళ్లకిచ్చే మెడికేర్ 2006 నుంచీ షరతులతో ఈ ఆపరేషన్‌కి డబ్బిస్తోంది, కానీ చాలా ఉద్యోగాల ప్లాన్లు దీన్ని పూర్తిగా మినహాయిస్తాయి. అందుకని డిసెంబరు సెలవుల్లో రండి. తమ్ముడి నిశ్చితార్థం, అమ్మకి కంటి ఆపరేషన్, మీకు స్లీవ్, మూడూ మూడు వారాల్లో ముగించుకుని ఇరవై గంటల విమానం ఎక్కండి. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆపరేషన్ కొత్తలో ఎక్కువని ఎవరో అంటారు, వాళ్లకి టికెట్ల రేట్లు తెలియవు. డాలస్ చేరాక నొప్పి వస్తే ఇక్కడి డాక్టరుకి వాట్సాప్ చేయండి. అప్పుడు ఇక్కడ అర్ధరాత్రి.

చివరిగా, క్లెయిము తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే చించి పారేయండి. కోపం తీరుతుంది. దాచుకుంటే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా వచ్చింది నచ్చకపోయినా ఏడాది లోపల ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు, అర్జీ ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ, యానాంకీ కలిపి ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఉంది. అక్కడ కారు పెట్టుకోవడానికి జాగా దొరకదు. మెట్రో ఉంది కదా అంటారు ఎవరో ఒకరు. ఆ మాట వినకండి.